మాటల్లేని సంగీతం కథ ఎలా చెబుతుంది? పిల్లలకు నేర్పేవాళ్ల కోసం

మీరు చెప్పిన పరిస్థితి ఇదీ: ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలు పాతికమంది. వాళ్లకి ఇటలీ స్వరకర్త వివాల్డి రాసిన 'వసంతం' పెట్టి, "ఇది వసంత ఋతువు, పక్షులు కూస్తున్నాయి, వాగు పారుతోంది, జాగ్రత్తగా వినండి" అన్నారు. రెండు నిమిషాలు గడిచేసరికి సగంమంది పక్కవాళ్లని గిల్లుతున్నారు, మిగతా సగం కిటికీ వైపు చూస్తున్నారు. ఒక పిల్లాడు మాత్రం "ఇందులో మాటల్లేవు కదా, మరి వసంతమని మీకెలా తెలిసింది?" అని అడిగాడు, మీకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ పిల్లాడు అడిగినదే అసలు పాఠం అండీ. మిగతా అందరూ మీ మాట నమ్మేసి ఊరుకున్నారు, వాడొక్కడే విన్నాడు, విన్నదానికీ మీరు చెప్పినదానికీ లంకె దొరక్క అడిగాడు. ఇరవై ఏళ్లకు పైగా చిన్నపిల్లలకు సంగీతం చెబుతున్నాను, మొదటి నాలుగైదేళ్లు నేనూ సరిగ్గా మీలాగే చేశాను, ముందు కథ చెప్పి తర్వాత సంగీతం పెట్టేదాన్ని. కథ ముందు చెప్పేస్తే పిల్లలు ఆ కథనే గుర్తుపెట్టుకుంటారు, సంగీతం వెనకాల ఎక్కడో మోగుతూ ఉంటుంది. వాళ్లు కనిపెట్టడానికి ఏమీ మిగల్చం కాబట్టి విసుగొస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అందుకని మొదటి క్లాసులో సంగీతమే పెట్టకండి. బోర్డు మీద కొన్ని మాటలు రాయండి: టపటప, గలగల, ధనధన, చిటపట. వీటిని గట్టిగా పలకమని, ఏది దేని చప్పుడో చెప్పమనండి, క్షణంలో చెప్పేస్తారు. తర్వాత వాటి కిందే ఇంకో వరస రాయండి: మిలమిల, తళతళ, నిగనిగ, గిరగిర. "ఇవి దేని చప్పుళ్లు?" అని అడిగి ఊరుకోండి. కాసేపు నిశ్శబ్దం. నక్షత్రం మిలమిల మెరుస్తుంది, కానీ నక్షత్రం చప్పుడు చేయదు. జుట్టు నిగనిగలాడుతుంది, దానికీ చప్పుడు లేదు. మరి చప్పుడే లేనిదానికి ఈ చప్పుడు ఎలా అతికింది? 'మిలమిల' అన్న చోట 'ధబధబ' పెట్టి "నక్షత్రాలు ధబధబ మెరిశాయి" అని చదివి వినిపించండి, క్లాసంతా నవ్వుతుంది. ఎందుకు నవ్వారని అడగండి. ఎవరో ఒకరు "ధబధబ బరువుగా ఉంది, నక్షత్రం చిన్నగా ఉంటుంది కదా" అంటారు. ఇక మీ పని సగం అయిపోయినట్టే. చప్పుడుకి బరువుంటుంది, పరిమాణం ఉంటుంది, మెరుపు ఉంటుంది, కదలిక ఉంటుంది అని వాళ్లకి ముందే తెలుసు, ఆ తెలిసిన సంగతిని మనం బయటికి తీశామంతే. తెలుగు పిల్లలకి ఇలాంటి జంట మాటలు వందలకొద్దీ నోట్లో ఉంటాయి కాబట్టి మనకి ఈ దారి చాలా దగ్గర.

అదే రోజు బల్ల మీద చేతులు పెట్టమని, "చీమ నడుస్తోంది, చూపించండి" అనండి. వేళ్ల కొసలతో, తొందర తొందరగా. "ఇప్పుడు ఏనుగు." చెప్పకుండానే అందరూ పిడికిళ్లు బిగిస్తారు, నెమ్మదిస్తారు. ఏనుగు చాలా వేగంగా నడవగలదు, అడుగుల చప్పుడు కూడా పెద్దగా వినిపించదు, అయినా పాతిక మందీ ఒకేలా పిడికిలితో మెల్లగా కొట్టారు. వాళ్లు ఏనుగు చప్పుడుని అనుకరించలేదు, ఏనుగు బరువుని అనుకరించారు. ఈ తేడా పిల్లలకి అర్థమైతే చాలు, ఆ తర్వాత ఏ సంగీతమైనా పెట్టండి, వాళ్లకి దారి దొరుకుతుంది. కోయిల కూత, ఉరుము, గుర్రం డెక్కల చప్పుడు లాంటివి సంగీతం సూటిగా అనుకరించగలదు, కానీ అది చాలా చిన్న భాగం. బొమ్మ కట్టడంలో ఎక్కువ పని బరువూ, వేగమూ, ఎత్తూ, దూరమూ, నునుపుదనమూ చేస్తాయి.

రెండో క్లాసులో ఫ్రెంచి స్వరకర్త సెన్-సాన్స్ రాసిన 'జంతువుల కార్నివాల్' నుంచి ఏనుగు ముక్క పెట్టండి, నిమిషంన్నర ఉంటుంది. పేరు మాత్రం చెప్పొద్దు, బొమ్మ చూపించొద్దు. ఇక్కడ మనం చేసే పొరపాటు "ఇది ఏ జంతువు?" అని అడగడం. అలా అడిగితే అది పొడుపుకథ అయిపోతుంది, ఒకడు "ఏనుగు" అని అరిచేస్తాడు, మిగతావాళ్లు ఓడిపోయినట్టు కూర్చుంటారు, ఇక వినరు. "పెద్దదా, చిన్నదా? బరువా, తేలికా? నేల మీదుందా, పైనుందా? తొందరలో ఉందా?" అని అడగండి. ప్రతి జవాబు వెనకాలా ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "ఏది విని అలా అనిపించింది?" నేను ఏ క్లాసులోనైనా అన్నిటికన్నా ఎక్కువసార్లు వాడే వాక్యం ఇదే. ఎలుగుబంటి అన్నా పరవాలేదు, లావుపాటి తాతగారు అన్నా పరవాలేదు, "ఆ అడుగున మోగే లావు తీగ విని" అని చెప్పగలిగితే ఆ జవాబు సరైనదే. "ఊరికే అనిపించింది" అంటే మాత్రం కోప్పడకుండా, "ఇంకోసారి పెడతాను, ఎక్కడ అనిపించిందో ఆ చోట చెయ్యెత్తు" అంటాను. చెయ్యి తప్పకుండా లేస్తుంది. కారణం వాడి చెవికి తెలిసింది, మాటల్లోకి ఇంకా రాలేదు అంతే.

ఆ ముక్కలో పాడేది డబుల్ బాస్, వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. ఆ లావు గొంతుతో ఒక వాల్ట్జ్ నాట్యం చేయిస్తాడు సెన్-సాన్స్, అందులో బెర్లియోజ్ అనే ఇంకో స్వరకర్త గాలి దేవతల కోసం రాసిన అతి తేలికైన నాట్యపు వరసను కూడా కలిపేశాడు. అంటే గాలిలో తేలాల్సిన పాటని నేల మీద బరువుగా మోయించాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక, దీనివల్ల నేను ఒక క్లాసంతా పాడుచేసుకున్నాను. ఫోన్ స్పీకర్‌లోగానీ ల్యాప్‌టాప్ స్పీకర్‌లోగానీ డబుల్ బాస్ అడుగు స్వరాలు దాదాపు వినిపించవు, చిన్న స్పీకర్లు ఆ లోతుని పలికించలేవు. ఏనుగు మాయమైపోయి వెనకాల పియానో మాత్రమే మిగులుతుంది. ఆ రోజు పిల్లలు "పిల్లి", "కుందేలు" అంటుంటే నాకు అయోమయంగా ఉండింది, ఇంటికెళ్లి అదే ఫోన్‌లో మళ్లీ వింటేగానీ అర్థం కాలేదు, వాళ్లు విన్నది వాళ్లు నిజాయితీగానే చెప్పారు. ఎలాగైనా ఒక మంచి స్పీకర్ సంపాదించండి. ఈ పాఠానికి అన్నిటికన్నా ముఖ్యమైన సామాను అదే.

ఏనుగు తర్వాత తాబేళ్ల ముక్క పెట్టండి. సెన్-సాన్స్ అందులో ఏం చేశాడంటే, అందరూ కాళ్లు ఎగరేసి గంతులు వేసే ఆఫెన్‌బాక్ గారి కాన్-కాన్ నాట్యపు పాటని తీసుకుని, దాన్ని విపరీతంగా నెమ్మదింపజేసి తీగ వాద్యాలకి ఇచ్చాడు. ముందు తాబేళ్లు పెట్టండి, ఏమనిపించిందో అడగండి, ఆ తర్వాత అసలు కాన్-కాన్ పెట్టండి. రెండూ ఒకటే పాటని ఎవరో ఒకరు పట్టుకున్న క్షణంలో క్లాసులో పుట్టే గోల వినడానికి నేను ఏటా ఎదురుచూస్తాను. ఒకసారి తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె, కాన్-కాన్ ఇంకా పెట్టకముందే, తాబేళ్ల ముక్క విని ఇలా అంది: "ఎవరో ముసలావిడ ఒకప్పుడు తను చేసిన డాన్స్ గుర్తుతెచ్చుకుంటోంది." ఏది విని అని అడిగితే, "పాట సంతోషంగానే ఉంది, కానీ కాళ్లు రావట్లేదు" అంది. ఆ అమ్మాయికి తాబేలు తట్టలేదు, కానీ అందులో ఉన్న కీలకం తట్టింది, గంతులు వేయాల్సిన పాట గంతులు వేయలేకపోతోందని. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు దయచేసి "కాదమ్మా, అది తాబేలు" అనకండి. సెన్-సాన్స్ ఈ మొత్తం రచన 1886లో రాసి, తను బతికుండగా హంస ముక్క తప్ప ఇంకేదీ అచ్చు వేయొద్దని కట్టడి చేశాడు, మిగతాది ఆయన పోయాక 1922లో అచ్చయింది. పెద్దవాళ్లు తనని తేలిగ్గా తీసుకుంటారేమోనని ఆయన భయపడ్డాడని చెబితే పిల్లలు చాలా శ్రద్ధగా వింటారు.

ఇప్పుడు మీ పిల్లాడి ప్రశ్నకి వద్దాం. వసంతమని ఎలా తెలిసింది? నిజం చెప్పాలంటే, పేరు చెప్పకపోతే తెలియదు. పిల్లలకి ఈ నిజం దాచకూడదని నా గట్టి అభిప్రాయం. సంగీతం "కిచకిచ", "మెల్లగా", "హఠాత్తుగా", "దగ్గరికొస్తోంది" అని చెప్పగలదు, "ఇది ఫలానా ఊళ్లో ఫలానా మేకల కాపరి" అని చెప్పలేదు. అది వివాల్డికీ తెలుసు, అందుకే 1725లో ఆ నాలుగు ఋతువుల రచనలు అచ్చువేసినప్పుడు ఒక్కో ఋతువుకీ ఒక్కో పద్యం జతచేశాడు, పద్యంలోని ఏ పంక్తి సంగీతంలో ఎక్కడ వస్తుందో అక్షరాలతో గుర్తులు కూడా పెట్టాడు. అంటే మాట ఒక సగం, ధ్వని ఒక సగం. మీ పిల్లాడికి "నువ్వన్నది నిజమే, ఉత్త సంగీతం విని వసంతమని చెప్పలేం, కానీ వసంతమని చెప్పాక అందులో ఏమేం దొరుకుతాయో వెతుకుదాం రా" అని చెప్పండి.

దీన్ని అనుభవంలోకి తేవడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. అంతగా తెలియని, మెల్లగా అడుగులు వేస్తున్నట్టుండే ఒక సంగీతం ముక్క తీసుకోండి. క్లాసులో సగంమందికి చీటీ మీద "పిల్లి పక్షి కోసం పొంచి ఉంది" అని, మిగతా సగానికి "అర్ధరాత్రి అన్నయ్య అమ్మని లేపకుండా ఇంట్లోకి వస్తున్నాడు" అని రాసి ఇవ్వండి, ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. విన్నాక ఒక్కొక్కరూ ఏం జరిగిందో చెప్పాలి. ఒకే చోట వచ్చిన చిన్న తాళం దెబ్బ ఒకళ్లకి పంజా, ఇంకొకళ్లకి తలుపు గొళ్లెం. తర్వాత చీటీలు బయటపెట్టండి. అప్పుడు వాళ్లే గమనిస్తారు, కథలు రెండయినా పొంచి ఉండటం మాత్రం రెండింటిలోనూ ఉంది, ఎవరికీ పెళ్లి ఊరేగింపు వినపడలేదు. సంగీతం ఏది చెబుతుందో, ఏది మనకి వదిలేస్తుందో ఇంతకన్నా బాగా నేను మాటల్లో వివరించలేను.

మీరు పెట్టిన 'వసంతం' వదిలేయకండి, అందులోనే మంచి పాఠం ఉంది, కాకపోతే మీరు పెట్టింది మొదటి భాగం, నేను రెండో భాగం పెట్టమంటాను. మూడు నిమిషాలు కూడా ఉండదు, మెల్లగా సాగుతుంది, అందులో ఒకేసారి మూడు జరుగుతుంటాయి. ఒంటరి వయొలిన్ పొడుగ్గా లాగిన స్వరాలతో నిద్రపోతున్న మేకల కాపరి. మిగతా వయొలిన్లు అడుగున గుసగుసగా ఊగుతూ ఆకుల గలగల. ఈ రెండింటికీ సంబంధం లేనట్టు, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా ఒక్కటే మొరటుగా, మొదటి నుంచి చివరి దాకా విసుగులేకుండా రెండేసి దెబ్బలు కొడుతూనే ఉంటుంది. అది కుక్క. కాపరి కుక్క మొరుగుతోందని వివాల్డి వయోలా స్వరాల దగ్గర స్వయంగా రాశాడు, దాన్ని ఎప్పుడూ చాలా గట్టిగా, పీకినట్టు వాయించాలని కూడా రాశాడు.

నేను దీన్ని ఇలా చేస్తాను. పేర్లేవీ చెప్పకుండా ముందు ఒకసారి వినిపిస్తాను, ఎన్ని పనులు ఒకేసారి జరుగుతున్నాయో వేళ్లతో చూపించమంటాను. ఒకటి, రెండు అంటారు, మూడు చూపించేవాళ్లు చాలా తక్కువ. రెండోసారి, "అడుగున ఎవరో అస్తమానం అడ్డం వస్తున్నారు, వెతకండి" అంటాను. వయోలా వినపడ్డ పిల్లల మొహాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి, కొందరు ఆ దెబ్బకి తగ్గట్టు గడ్డం ముందుకి ఆడిస్తారు కూడా. అప్పుడు క్లాసుని మూడు గుంపులు చేసి, ఒక గుంపు పొడుగు గీతని గాలిలో చేత్తో గీయాలి, ఒక గుంపు వేళ్లు ఆకుల్లా ఆడించాలి, ఒక గుంపు ఆ రెండు దెబ్బలకీ పిడికిలి ఆడించాలి. మూడోసారి సంగీతం పెట్టాక, పాతికమంది చేతుల్లో ఆ రచన మొత్తం కంటికి కనిపిస్తుంది. ఇదంతా అయ్యాకే పద్యం భావం చదువుతాను. నిద్ర, ఆకులు, పక్కన కుక్క అని చదవగానే "మాదే కుక్క!" అని ఆ మూడో గుంపు గంతులేస్తుంది. మీ క్లాసులో విసుగు పుట్టించిన రచనే ఇదీ, మార్చాల్సింది వరస మాత్రమే.

'పీటర్ అండ్ ది వుల్ఫ్' వాడొచ్చా అని కూడా అడిగారు. తప్పకుండా వాడొచ్చు. రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో మాస్కోలోని పిల్లల థియేటర్ కోసం రాశాడు, పిల్లలకి వాద్యాలు పరిచయం చేయాలన్నదే ఉద్దేశం. పక్షికి ఫ్లూట్, బాతుకి సన్నాయి లాంటి ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకి లావు గొంతుతో ఊదే బసూన్, తోడేలుకి మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కి తీగ వాద్యాలు. ఇబ్బంది ఏమిటంటే అందులో కథ చెప్పే మనిషి ఉంటాడు, పిల్లలు ఆ గొంతునే పట్టుకుని వేలాడతారు. అందుకని పాత్రల పాటల్ని విడివిడిగా, కథ చెప్పకుండా ముందు రెండు మూడు రోజులు వినిపించండి. పేరు కాకుండా స్వభావం అడగండి: వీడు తొందరపడే మనిషా, నింపాదిగా ఉండేవాడా, వీడితో మీరు ఆడుకుంటారా? బసూన్ విని ఒక బాబు "వీళ్లు అన్నిటికీ వద్దంటారు" అన్నాడు, తాత అని అప్పటికి వాడికి తెలియదు. మొత్తం వినిపించిన రోజు చివరి నిమిషంలో ఆపి, "బాతు ఏమైంది?" అని అడగండి. తోడేలు మింగేసింది కదా అంటారు. చివరి కాసిని క్షణాలు మళ్లీ పెట్టండి, ఓబో మెల్లగా, ఎక్కడో లోపలి నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. బాతు తోడేలు కడుపులో బతికే ఉందని కథకుడి మాట వల్ల కాకుండా ఓబో వల్లే తెలిస్తే, ఆ పిల్లలు ఇక మీ చెయ్యి పట్టుకోనక్కర్లేదు.

పాత్రలూ జంతువులూ అయ్యాక కథ అంటే మార్పు అన్న సంగతికి రావాలి, చాలామంది టీచర్లు ఇక్కడిదాకా రారు, ఏనుగు దగ్గరే ఆగిపోతారు. దీనికి నార్వే స్వరకర్త గ్రీగ్ రాసిన 'పర్వతరాజు కొలువులో' కన్నా తేలికైంది నాకు దొరకలేదు. 1876లో ఒక నాటకం కోసం వాయించారు, రెండున్నర నిమిషాలు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే పాట. పిల్లలకి ముందే చెప్పేయండి, "పాట మారదు, ఒక్క ముక్క కూడా మారదు, మరి ఏం మారుతుందో చెప్పండి." అడుగు గొంతుల్లో దొంగ అడుగులతో మొదలై, ఎత్తు పెరిగి, వాద్యాలు చేరి, వేగం పెరిగి, చివరికి తాళాలు, డోళ్లు విరుచుకుపడతాయి. "వాళ్లు ఎక్కువమంది అవుతున్నారు" అని ఒకరు, "దగ్గరికొచ్చేస్తున్నారు" అని ఇంకొకరు, "మనం పరిగెత్తుతున్నాం, అందుకే గుండె కొట్టుకుంటోంది" అని మరొకరు. ముగ్గురివీ వేరు వేరు కథలు, మూడింటికీ సంగీతంలో సాక్ష్యం ఉంది.

ఇక దూరం. రష్యా స్వరకర్త ముసోర్గ్‌స్కీ స్నేహితుడు హార్ట్‌మన్ అనే చిత్రకారుడు, భవన శిల్పి, 1873లో 39 ఏళ్లకే చనిపోయాడు. మరుసటి ఏడు స్నేహితులు అతని బొమ్మలన్నీ ఒకచోట ప్రదర్శనకి పెట్టారు, అది చూసొచ్చి ముసోర్గ్‌స్కీ పియానోకి 'ప్రదర్శనలో చిత్రాలు' రాశాడు, 1922లో ఫ్రెంచి స్వరకర్త రావెల్ దాన్ని ఆర్కెస్ట్రాకి మార్చాడు. బొమ్మకీ బొమ్మకీ మధ్య నడిచే పాట ఒకటుంది, దాని వెంట పిల్లల్ని నడవమనండి. ఐదు దెబ్బలు, ఆరు దెబ్బలు మార్చి మార్చి వస్తాయి కాబట్టి కవాతులా నడవలేరు, కాలు తడబడుతుంది, గోడల మీద బొమ్మలు చూస్తూ నడిచే మనిషి నడక అలాగే ఉంటుంది కదా.

అందులో ఎడ్లబండి ముక్క ఉంది, నేను ఏడాది పొడుగునా దాచుకుని వాడే ముక్క అది. ముసోర్గ్‌స్కీ చేత్తో రాసినదాంట్లో అది మొదటి స్వరం నుంచే చాలా గట్టిగా మొదలవుతుంది. ఆయన పోయాక తోటి స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ అచ్చు వేసినప్పుడు దాన్ని మెల్లగా మొదలై పెరిగేలా మార్చాడు, రావెల్ కూడా ఆ అచ్చునే అనుసరించి, ట్యూబా అనే లావు గొంతు ఇత్తడి వాద్యంతో మెల్లగా మొదలుపెట్టాడు. మీరు ముందు రావెల్‌ది పెట్టండి, బండి ఎక్కడి నుంచి వచ్చింది, మనం ఎక్కడ నిలబడ్డాం అని అడిగి ఆ బొమ్మ గీయమనండి. దూరాన చుక్కలా ఉన్న బండి, దగ్గరయ్యేసరికి పేజీ అంతా చక్రం, మళ్లీ చుక్క. వెంటనే అసలు పియానో రికార్డింగ్ పెట్టండి, అదే బండి, అదే పాట. ఈసారి బండి వచ్చేదాకా ఎదురుచూడటం లేదు, మొదటి క్షణంలోనే చక్రం మన మొహం ముందుంది. ఒక్క గట్టిదనం మార్చితే చూసే మనిషి నిలబడ్డ చోటే మారిపోయిందని పదేళ్ల పిల్లలు తమంతట తాము చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఎవరి బండి మీకు నచ్చిందని అడిగితే క్లాసు రెండుగా చీలి వాదించుకుంటుంది, ఆ వాదన ఎంతసేపైనా సాగనివ్వండి.

బొమ్మలు గీయించడం గురించి ఒక మాట. మొదటిసారి వింటున్నప్పుడు క్రేయాన్లు ఇవ్వకండి. ఇస్తే ఏనుగు అనిపించగానే ఏనుగు గీయడం మొదలుపెట్టి, తొండానికి రంగు వేస్తూ మిగతా సంగీతం వదిలేస్తారు. దానికి బదులు పొడవాటి కాగితం పట్టీ ఇచ్చి, ఎడమ నుంచి కుడికి సంగీతం నడిచినంతసేపూ ఒక్క గీత లాగమనండి, లావు, సన్నం, పైకి, కిందికి, గజిబిజి, ఎలా అనిపిస్తే అలా, వస్తువులు మాత్రం వద్దు. దీనికి చెక్ స్వరకర్త స్మెతానా తన దేశపు నది పేరుతో రాసిన 'వల్తావా' చక్కగా కుదురుతుంది. ఫ్లూట్లు ఒక ఊటగా మొదలవుతాయి, క్లారినెట్లు రెండో ఊటగా వచ్చి చేరతాయి, రెండూ కలిసి నదిగా సాగి, వేటగాళ్ల కొమ్ముల పక్కగా, పల్లె పెళ్లి నాట్యం పక్కగా, వెన్నెల్లోంచి, రాళ్ల మీది సుడులలోంచి ప్రాగ్ నగరం దాకా వెళుతుంది. మొత్తం పన్నెండు నిమిషాల పైనే, చిన్నవాళ్లకి ఒకేసారి పెట్టకండి, ఊటల దగ్గర నుంచి నది పాట వచ్చేదాకా చాలు. రెండు సన్నగీతలు కలిసి లావుగీత అయ్యే చోటు ఎవరి కాగితంలో ఎక్కడుందో పక్కపక్కన పరిచి చూడండి. స్మెతానా 1874 చివర్లో అది రాసేనాటికి ఆయనకి రెండు చెవులూ పూర్తిగా వినపడటం మానేశాయి, ఆ నది ఆయన తలలోనే పారింది. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది, తొందరపడి ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టొద్దు.

కొందరు పిల్లలకి ఏ బొమ్మా కనపడదు. ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు, "నాకేం కనపడట్లేదు" అని బెంగపడతారు. వాళ్లని బలవంతపెట్టకండి. నడిచి చూపించమనండి, చేత్తో చూపించమనండి, లేదా "వేడిగా ఉందా చల్లగా ఉందా" అని అడగండి. బీతోవెన్ తన పల్లె సింఫనీ గురించి, ఇది బొమ్మ గీయడం కన్నా ఎక్కువగా అనుభూతిని చెప్పడం అని రాసుకున్నాడు, అంటే ఆ పిల్లలు బీతోవెన్ పక్షాన ఉన్నట్టు. అదే బీతోవెన్ అందులో రెండో భాగం చివర ఫ్లూట్‌తో నైటింగేల్ పిట్టని, ఓబోతో కంజు పిట్టని, క్లారినెట్లతో కోకిలని పలికించి, వాటి పేర్లు కూడా రాసిపెట్టాడు. రెండు దారులూ ఉన్నాయి. ఇంకొకటి, పాశ్చాత్య సంగీతంలో మైనర్, మేజర్ అని రెండు రకాల స్వరవరసలు ఉంటాయి, మైనర్ అంటే దుఃఖం, మేజర్ అంటే సంతోషం అని సూత్రం చెప్పకండి. గ్రీగ్ ముక్క మైనర్‌లోనే ఉంది, దాన్ని విని ఏడ్చిన పిల్లల్ని నేను చూడలేదు, బల్లలెక్కిన వాళ్లని చూశాను.

చివరగా వాళ్ల చేత చేయించండి, ఇది లేకపోతే పాఠం సగమే. ఐదుగురేసి గుంపులు, ఒక్కో గుంపుకీ రహస్యంగా ఒక చీటీ: వాన వచ్చి వెళ్లిపోయింది, రైలు ఆగకుండా దాటిపోయింది, చీకటి గదిలో దీపం వెలిగింది. కాగితం, గులకరాళ్లు వేసిన డబ్బా, ఒక పళ్లెం, రెండు చెంచాలు, ఏదైనా వాద్యం ఉంటే అది. అర నిమిషం సంగీతం, నోటితో మాట రాకూడదు. మొదటిసారి అందరూ అన్నీ ఒకేసారి గట్టిగా కొడతారు, అది మామూలే, టెన్షన్ పడకండి. రెండోసారి ఒక్క షరతు పెట్టండి, "దూరం నుంచి రావాలి, దూరంగా పోవాలి." అప్పుడు డబ్బాని మెల్లగా వంచడం మొదలవుతుంది. బీతోవెన్ పల్లె సింఫనీలోనే వచ్చే తుపాను మొదటి క్షణాలు ఆ రోజే వినిపించండి, అడుగు తీగల్లో గొణుగుడు, పైన వయొలిన్లలో విడివిడి చినుకులు. ఆ గొణుగుడు కోసం కాసేపయ్యాక ఆయన చెల్లోలకి (వయోలా కన్నా పెద్దవి, డబుల్ బాస్ కన్నా చిన్నవి) ఐదు స్వరాలిచ్చి, అదే సమయంలో డబుల్ బాస్‌లకి నాలుగే ఇచ్చాడు, రెండూ ఒకదాని మీద ఒకటి పడి చెదిరిపోయి ఉరుములా మోగుతాయి. పిల్లలు దీన్ని బల్ల మీద చేసి చూడగలరు, ఒకరు ఐదు, ఒకరు నాలుగు, వేళ్లతో. దీపం వెలిగిన చీటీ వచ్చిన గుంపు ఒకసారి ఏం చేసిందంటే, ఇరవై సెకన్లు అసలేమీ వాయించకుండా కూర్చుని, చివర్లో చెంచాతో పళ్లెం అంచుని ఒక్కసారి తాకి, ఆ మోత ఆగేదాకా కదలకుండా ఉన్నారు. చూస్తున్న పిల్లల్లో ఒకరు చాలా మెల్లగా "లైటు" అన్నారు.

మార్కులు వేయకండి. వారానికి ఒక ముక్క చాలు, ప్రతిదాన్నీ కనీసం మూడుసార్లు వినిపించండి, మూడోసారే వాళ్లు నిజంగా వింటారు. వచ్చే క్లాసుకి కొత్తది వెతకొద్దు, ఆ వివాల్డి రెండో భాగమే పెట్టి, ప్రశ్న అడిగిన ఆ పిల్లాణ్ని వయోలా గుంపులో వేయండి.